శుక్రవారం మరిచిన ప్రోగ్రాం

హైదరాబాద్ నుంచి మస్కట్ వచ్చి ఏడాది దాటినా భూమేశ్ ఒంట్లోంచి ఆదివారం పోలేదు. బౌషర్‌లోని ఇంట్లో శుక్రవారం పొద్దున్నే లేచి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని తలుపు దాకా వచ్చేవాడు. "యాడికి వోతున్నవ్? ఇయ్యాల సెలవు" అని భార్య సుమలత అడ్డుపడితే గాని ఆగేవాడు కాదు.

అల్ ఖువైర్‌లో ఒక చిన్న కంపెనీకి కంప్యూటర్ ప్రోగ్రాములు రాస్తాడు. ఇబ్రా ఊరి అవతల ఇసుకలో గుడారాల క్యాంపు నడిపే హసన్, ఏ తేదీకి ఎంత రేటో దానంతటదే తేల్చే ప్రోగ్రాం అడిగాడు. నచ్చితే మిగతా క్యాంపులూ ఇస్తానన్నాడు. అవి వస్తేనే భూమేశ్ ఉద్యోగం నిలుస్తుంది.

ప్రాణం పెట్టి రాశాడు. అక్టోబర్‌లో ఎక్కిన చలికాలపు రేటు, ఏడాది మారినా తెగకుండా ఏప్రిల్ దాకా సాగేట్టు చూశాడు. ఈద్ రేటును నెలవంక కబురు వచ్చాకే పెంచే ఏర్పాటు చేశాడు. ఇక వారాంతపు సెలవుల రేటుదేముందని చకచకా రాసి పారేశాడు. హసన్ దాంతోనే బుకింగులు మొదలుపెట్టాడు.

గురువారం సాయంత్రం, పక్కింటి ఒమానీల దగ్గర వంట చేసే కడప గురవమ్మ నవ్వుతూ వచ్చింది.

"నాయనా, నీ గుడారాలు భలే సవకగా ఉండాయే. రేపు రాత్రికి మావాళ్లమంతా పట్టేసినాం. ఆదివారం మాత్రం రేటు మండిపోతాంది. ఆ పొద్దు డ్యూటీ మాని ఎవురొస్తారు?"

టీ తాగబోతున్న భూమేశ్ గ్లాసు దించేశాడు. సెలవులు శుక్ర, శనివారాలైన ఒమన్‌లో, హైదరాబాద్ శని, ఆదివారాలను తెచ్చి ఇసుకలో పాతేశాడు.

"హసన్‌కు నువ్వే చెప్తవా, గురవమ్మక్కతోని చెప్పియ్యాల్నా?" అంది సుమలత.

భూమేశ్ ప్రోగ్రాం సరిచేసి, హసన్‌కు ఫోన్ చేసి, తన తప్పు హిందీలో ఒప్పుకున్నాడు.

"బుక్ చేసినవాళ్ల రేటు మార్చను. నువ్వు మాత్రం రేపు క్యాంపులో పనిచెయ్యి. మా శుక్రవారం ఎట్లా ఉంటుందో చూడు. మిగతాది తర్వాత" అన్నాడు హసన్.

మర్నాడు బౌషర్ తెలుగువాళ్లు సగంమంది గుడారాల్లోనే ఉన్నారు. భూమేశ్ నీళ్ల డబ్బాలు, కట్టెలు, దుప్పట్లు మోస్తూ ఇసుకలో కూరుకుపోతున్నాడు.

"ఇంగో దుప్పటి నాయనా, ఊరికే వచ్చినామనుకోవద్దు" అంది గురవమ్మ.

"చాయ్‌ల చక్కెర జర తక్కువెయ్యమను" అంది ఆమె పక్కనే కాళ్లు చాపుకున్న సుమలత, భర్తను ఎరగనట్టే.

హసన్ కారు దిగి, "తెలిసిందా శుక్రవారం?" అన్నాడు.

"తెలిసింది సార్" అంటూ భూమేశ్ కట్టెల మోపు దించాడు. "శుక్రవారం రాత్రికి మీరు చెప్పిన రేటు చాలదు, ఇంకా పెంచాలె."

హసన్ పగలబడి నవ్వి, మిగతా క్యాంపుల పని కూడా మొదలుపెట్టమన్నాడు. గురవమ్మ మాత్రం ఆ రాత్రంతా భూమేశ్‌తో మాట్లాడలేదు.