నీలం సిరాలో వాళ్ళ మాట

నడికుడి స్టేషనులో మాచర్ల బండి కోసం కూర్చున్న వరలక్ష్మిగారు బల్ల మీదే ఒరిగిపోయారని మొన్న శుక్రవారం కాలేజీకి ఫోను వచ్చింది. గుండె ఆగిందన్నారు. చరిత్ర శాఖలో ఇన్నేళ్ళు ఆమె పక్క కుర్చీలో కూర్చున్న నాకు ఆ వార్త ఇప్పటికీ అబద్ధంలాగే ఉంది.

సాగరు కాలువ రాకముందు ఈ పల్నాటి మెట్టసీమ ప్రాణాలు నిలిపిన బావులను ఎవరు తవ్వారన్నది ఆమె పరిశోధన. శాసనాలు, తాలూకా కచేరీ దస్తరాలు, వృద్ధుల జ్ఞాపకాలు, అన్నిటినీ అట్టముక్కల మీదికి ఎక్కించేవారు. నరసరావుపేట ప్రెస్సుల్లో మిగిలిన శుభలేఖల అట్టలవి. ఒక్కో ముక్కకు ఒక్కటే సంగతి. పైన చెప్పినవారి పేరు, ఊరు. కింద వారి మాట నీలం సిరాలో. తన ఊహ ఉంటే ఎర్ర సిరాలో. "రెండూ ఒకే రంగులో ఉంటే, కొన్నాళ్ళకు నా ఊహనే వాళ్ళ సాక్ష్యమని నమ్ముతాను" అనేవారు.

ఒకసారి నకరికల్లు దగ్గర మస్తాన్‌బీ అనే వృద్ధురాలి వద్దకు వెళ్ళాం. చిన్ననాడు బావి మట్టి మోసినామె. "గంజి రోజులమ్మా అయి. పొద్దుగూకులూ మోస్తే ముంతెడు గంజి పోసేవోళ్ళు" అన్నది. నేను 'కరువు కాలంలో' అని రాసుకున్నాను.

వరలక్ష్మిగారు చూసి, "కరువని ఆమె అన్నదా?" అని అడిగారు.

"గంజి రోజులన్నదండీ."

"అయితే అదే రాయండి."

ఆ వేసవిలో ఆమె అట్టలన్నిటినీ ఇంటి నేల మీద పరిచి, ఊళ్ళ వరుస తప్పించి, మాటల వరుసన పేర్చారు. గురజాల రైతు ఒకరు, దాచేపల్లి రాళ్ళ మేస్త్రి ఒకరు, మస్తాన్‌బీ. ఒకరినొకరు ఎరగని ఆ ముగ్గురూ 'గంజి రోజులు' అనే అన్నారు. ముగ్గురూ చెప్పినది తాము కూలికి వెళ్ళిన ఒకే బావి సంగతి. అది వరలక్ష్మిగారి పుట్టినూరి బావి. దాని గట్టున, సొంత ఖర్చుతో తవ్వించిన దాతగా ఆమె తాతగారి పేరు చెక్కిన రాయి ఉంది. ఆమె వెంటనే కచేరీ దస్తరాలు తిరగేశారు. ఊరుమ్మడి జొన్నల పాతర తెరిచి కూలీలకు గంజి కాచినట్టు వాటిలో ఉంది. తాతగారి సొమ్ము జాడ ఎక్కడా లేదు.

సంగతి తెలిసి ఆమె అన్నగారు కాలేజీకి వచ్చారు. "ఏందమ్మా, తాత పేరు నువ్వే చెరుపుతావా? ఆ ముక్కలు తీసేస్తే అడిగేదెవరు?"

"చెరపటంలా అన్నయ్యా. రాయి ఏయించింది తాతేనని రాశా. తవ్వినోళ్ళ సంగతి గూడా రాశా."

ఆయన టీ ముట్టకుండా వెళ్ళిపోయారు. మళ్ళీ చెల్లెలి గడప తొక్కలేదు. ఆ సాయంత్రం కళ్ళు తుడుచుకుంటూనే ఆమె మరో అట్ట తీసి, అన్నగారి పేరు, ఊరు వేసి, ఆయన అన్న మాటలను నీలం సిరాలో రాసి ఆ బావి కట్టలో చేర్చారు. "ఆయనా ఆ ఊరివాడేగా. ఆయన మాటా ఉండాలి" అన్నారు. సత్యం పట్ల అంతటి నిష్ఠను నేను గ్రంథాలలో చదివానే గాని, మనిషిలో చూడటం అదే మొదలు.

దహనం అయినాక అన్నగారు నా దగ్గరకు వచ్చారు. "నా మాట గూడా రాసిందంటగా. ఒకసారి సూపిచ్చండి."

మర్నాడు బావి కట్టలోంచి ఆ అట్ట తీసి చూపించాను. ఆయన నిలబడే రెండుసార్లు చదివారు.

"నేనన్నది అన్నట్టే రాసింది. ఒక్క ముక్క ఎక్కువ ఎయ్యలా" అన్నారు.

ఆ మాట కంటే మిన్నగా ఆమెకు నివాళి ఘటించడం నాకు చేతకాదు. పల్నాటిలో చెప్పవలసిన వృద్ధులు ఇంకా ఉన్నారు. అలా వినే మనిషి మాత్రం ఇక లేరు.