చేతులెత్తిన కోటయ్య

నిన్న మధ్యాహ్నం మంగళగిరిలో కడుతున్న ఒక ఇంటి శ్లాబు మీద నిలబడి ఉండగా సన్నగా తుంపర మొదలైంది. వీధి వెంట పోయే హైటెన్షన్ తీగలు తడిసి జుయ్‌మని మోగాయి. ఆ మోత చెవిన పడగానే నా చేతులు వాటంతటవే దిగి ఒంటికి అతుక్కుపోయాయి. అరచేతుల్లో చెమట. పక్కనే ఉన్న మేస్త్రి నన్ను చూసి, "ఏంటి మేడమ్, చలేస్తోందా?" అన్నాడు. చలి కాదు, భయం. ఆ భయం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. జాన్‌బీ మేడమ్ నేర్పించింది. ఆవిడ పోయి కొన్నేళ్ళయింది.

గుంటూరు బ్రాడీపేటలో ఒక మందుల షాపు పైన ఉండేది ఆవిడ ఆఫీసు. ఇళ్ళకీ, మిర్చి దాచే కోల్డ్ స్టోరేజీలకీ ప్లాన్లు గీసిచ్చేవారు. నేను మంగళగిరిలో మగ్గం మోత వింటూ పెరిగి, డ్రాఫ్టింగ్ కోర్సు చదివి, ఆవిడ దగ్గర కంప్యూటర్ ముందు కూర్చున్నాను. చేరిన రోజే తోటివాళ్ళు చెవిలో వేశారు, ఆవిడకు ఊళ్ళో 'భయం మేడమ్' అని పేరుందని. నిజమే. లిఫ్ట్ ఎక్కరు. ఫ్యాను కింద కూర్చోరు. ఆఫీసుకు తాళం వేసి, మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి వచ్చి తాళం లాగి చూస్తారు. వాళ్ళింట్లో ఎవరో కరెంటు కొట్టి పోయారట, అందుకే ఇలా అయిపోయారట అని అందరూ చెప్పుకునేవాళ్ళు. ఎవరు పోయారో మాత్రం ఎవరికీ తెలియదు.

నా మొదటి ఎలివేషన్ ఆవిడకు చూపించిన రోజు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. ఎలివేషన్ అంటే ఎదురుగా నిలబడి చూస్తే ఇల్లు ఎలా కనిపిస్తుందో ఆ బొమ్మ. కంప్యూటర్‌లో ముందు ఇల్లు మొత్తం మోడల్‌గా కడతాం, ఆ మోడల్ నుంచి ఈ బొమ్మ వస్తుంది. గచ్చు, శ్లాబు, పిట్టగోడ, ఒక్కోటి ఎంత ఎత్తులో ఉందో పక్కన లేబుల్ పెడతాం. నేను చకచకా పెట్టేసి, మెచ్చుకుంటారని ఎదురుచూస్తున్నాను. ఆవిడ తెర దగ్గరికి వంగి పిట్టగోడ పక్కనున్న అంకె మీద వేలు పెట్టారు.

"అమ్మాయ్, ఈ అంకె మోడల్ చెప్పిందా, నువ్వు చెప్పావా?"

"నేనే టైప్ చేశానండీ. కరెక్టే."

ఆవిడ మౌస్ అందుకుని మోడల్‌లో గచ్చును ఒక అడుగు పైకి లేపారు. శ్లాబు లేచింది, కిటికీలు లేచాయి, వాటి పక్క లేబుళ్ళన్నీ మారిపోయాయి. పిట్టగోడ కూడా లేచింది కానీ నేను టైప్ చేసిన అంకె మాత్రం కదల్లేదు, ఉన్నచోటే బెల్లంకొట్టిన రాయిలా ఉండిపోయింది. "చూశావా? ఇది చచ్చిన అంకె. ఇల్లు పెరిగినా దీనికి తెలీదు. దీన్ని నమ్మి ఒకడు పైకెక్కుతాడు," అన్నారు. గొంతు పెంచలేదు. తిడితే బాగుండేది.

అంతటితో అయిపోలేదు. ఆవిడ గీయించే ప్రతి ఎలివేషన్‌లోనూ ఇంటి పైన ఒక మనిషి ఉండేవాడు, రెండు చేతులూ ఆకాశంలోకి ఎత్తి. అతని వేళ్ళ కొసకి కూడా ఒక లేబుల్. ఎదురుగా తీగలుంటే వాటినీ గీసి, వాటికీ ఒక లేబుల్. ఇంటి ఎత్తులు గచ్చుతో పాటు లేస్తాయి. తీగల ఎత్తు మాత్రం రోడ్డు నుంచి కొలిచి, గచ్చు లేచినా కదలకుండా కట్టేయాలి. ప్లాన్ల కోసం వచ్చినవాళ్ళు, "ఈయనెవరండీ, దొంగల్ని చూసి చేతులెత్తాడా?" అని నవ్వేవాళ్ళు. నాకూ నవ్వొచ్చేది గానీ, ఆవిడ ముందు నవ్వితే ఇంకేమన్నా ఉందా!

"ఇతను కోటయ్య," అన్నారు ఒకరోజు, నేను అడగకుండానే.

"మీకు తెలిసినాయనా అండీ?"

"కాదు. పేరు నేనే పెట్టాను. పేరు లేని మనిషి కోసం ఎవరికీ భయమెయ్యదు అమ్మాయ్."

ఆ మాట నాకప్పుడు చాదస్తంగా తోచింది. ఆవిడ చాదస్తం ఎందుకో నల్లపాడు ఇంటి దగ్గర తెలిసింది.

సాంబశివరావు గారని మిర్చి వ్యాపారి. నల్లపాడులో ఇల్లు కడుతున్నారు. ఇంటి ముందునుంచే హైటెన్షన్ తీగలు పోతాయి. తీగలకూ కోటయ్య వేళ్ళకూ మధ్య తగినంత ఖాళీ ఉండేలా ఇంటిని వెనక్కి జరిపి, ఎత్తు తగ్గించి, ఎన్నోసార్లు సరిచూసి ఆ బొమ్మ ఇచ్చాం. కొన్ని నెలల తర్వాత ఒక పొద్దున ఆయన మిఠాయి పొట్లంతో ఆఫీసుకు వచ్చారు.

"శ్లాబు దాకా వచ్చేశామండీ. ఇవాళ ఇనుప కడ్డీలు పైకి ఎక్కిస్తున్నారు. మీకు చెప్పలేదు గానీ, బేస్‌మెంటు మూడడుగులు లేపించా. మా వైపు రోడ్డేసినప్పుడల్లా పాతదాని మీదే వేస్తారు, ఇళ్ళన్నీ గుంటలోకి పోతున్నాయి. మన ఇల్లు మాత్రం ఇక మునగదు!"

ఆయన చేసింది వింతేమీ కాదు. మా వైపు ఎవరైనా చేసే పనే. రోడ్డుతో పోటీపడి బేస్‌మెంటు లేపని ఇల్లు అరుదు. మేడమ్ చేతిలోని మిఠాయి మాత్రం అలాగే ఉండిపోయింది. "పద్మా, మూడడుగులు లేపు," అన్నారు నాతో.

నేను మోడల్‌లో గచ్చు లేపాను. అన్ని లేబుళ్ళూ గబగబా మారాయి. ఇల్లు లేచింది, ఇంటి మీదున్న కోటయ్యా లేచాడు. తీగలు లేవలేదు. కోటయ్య వేళ్ళు తీగల్ని తాకడమే కాదు, దాటి పైకి పోయాయి. గీతలతో గీసిన బొమ్మే అది, అయినా నేను మౌస్ వదిలేసి చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"యా అల్లా," అన్నారు మేడమ్. మేస్త్రి బాజీకి ఫోన్ చేశారు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశారు. ఎత్తడు. అక్కడ పని మోతలో ఎలా వినిపిస్తుంది?

"ఏం కాదులెండి మేడమ్, బాజీకి అనుభవం ఉంది," అంటూనే సాంబశివరావు గారు కారు తాళాలు తీశారు. ఆయన ముఖంలోనూ రంగు మారింది. దారిపొడవునా నేను కరెంటు ఆఫీసుకు ఫోన్ చేస్తూనే ఉన్నాను. చివరికి ఎవరో ఎత్తి, లైన్‌మన్‌కి చెబుతామన్నారు. సరిగ్గా అప్పుడే రైల్వే గేటు పడింది. గూడ్సు బండి. పెట్టె తర్వాత పెట్టె, ఎంతకీ తరగదే! మేడమ్ కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతున్నారు. నాకు మాత్రం ఆ గేటు అవతల ఒక కడ్డీ మెల్లగా పైకి లేస్తున్నట్టు కనిపిస్తూనే ఉంది. ఏడుపొచ్చింది. ఆపుకోలేదు, ఏడ్చేశాను.

మేం వెళ్ళేసరికి శ్లాబు కోసం వేసిన సెంట్రింగ్ చెక్కల మీద ఇద్దరు కూలీలున్నారు. కింద ఒకాయన పొడవాటి కడ్డీని నిలువుగా నిలబెట్టి పైకి అందిస్తున్నాడు. దాని కొస గాలికి ఊగుతోంది, తీగల వైపే. నేను "కరెంటు!" అని అరవబోయాను. మేడమ్ నా నోరు గట్టిగా మూసేశారు. తర్వాత ఆవిడ గొంతులోంచి నేనెప్పుడూ వినని కేక వచ్చింది.

"కూర్చోండి! పైనున్నవాళ్ళు, కూర్చోండి!"

ఎందుకో ఏమిటో అడగకుండా ఇద్దరూ గబుక్కున కూర్చున్నారు. కడ్డీ కిందాయన చేతుల్లోనే ఉండిపోయింది. మేడమ్ ఈసారి మెత్తగా, "నాయనా, పైకి చూడకు. దాన్ని నెమ్మదిగా నీ వెనక్కి వాల్చు. అలాగే. పడుకోబెట్టు," అన్నారు. కడ్డీ నేలకు ఆనింది.

మేడమ్ ఇసుక కుప్ప మీద కూలబడ్డారు. నీళ్ళిచ్చాను. "అరవనివ్వలేదేంటండీ?" అన్నాను. "కరెంటు అంటే ఉలిక్కిపడతారు అమ్మాయ్. ఉలిక్కిపడ్డ మనిషి చెయ్యి ఎటు పోతుందో ఎవరికి తెలుసు? కూర్చోమంటే కూర్చుంటారు."

తీగలు జరిపించేదాకా పని ఆపాల్సిందేనని ఆవిడ పట్టుబట్టారు. సాంబశివరావు గారికి కోపమొచ్చింది. "ఇంత హడావిడి చేశారు, ఏమీ కాలేదు కదండీ!" అన్నారు. "అవునండీ, ఏమీ కాలేదు," అన్నారు మేడమ్, అదేదో పెద్ద బహుమతి అందుకున్నట్టు. తీగలు జరిగాయి, ఇల్లు లేచింది. ఆయన మాత్రం మళ్ళీ మా ఆఫీసు మెట్లెక్కలేదు.

ఆ రోజు తిరిగి వస్తూ, ఆటోలో, ధైర్యం చేసి అడిగాను. "మీ ఇంట్లో ఎవరికైనా ఇలా అయిందా అండీ?"

"ఎవరికీ ఏమీ అవలేదే! మా వాళ్ళందరూ లక్షణంగా ఉన్నారు," అని నవ్వారు. "అయ్యాక భయపడి ఏం లాభం? అవకముందు భయపడాలి. అప్పుడేగా దానితో పని."

నాకు ఆవిడంటే ప్రేమ పుట్టింది ఆ ఆటోలోనే. అంతకుముందు ఉన్నది ఉత్త భయం.

నిన్న మంగళగిరిలో తుంపర పెరిగింది. మేస్త్రి గడియారం చూసుకుని, "కరెంటోళ్ళు లైను ఆపుతామన్నారు మేడమ్, ఇంకాసేపట్లో ఆపేస్తారు. ఈలోపు రెండు కడ్డీలు ఎక్కించేద్దాం," అన్నాడు. నా చేతిలోని బొమ్మలో కోటయ్య వేళ్ళకూ తీగలకూ మధ్య ఖాళీ కనిపిస్తూనే ఉంది. కానీ కోటయ్య చేతిలో కడ్డీ లేదు. శ్లాబు అంచున ఇద్దరు కుర్రాళ్ళు అప్పటికే కడ్డీ అందుకోవడానికి వంగుతున్నారు.

"వాళ్ళ పేర్లేంటి?" అన్నాను.

మేస్త్రి వింతగా చూశాడు. "శీను, నాగుల్ మీరా అండీ. ఎందుకూ?"

"శీనూ! నాగుల్ మీరా! కూర్చోండి!"

ఇద్దరూ కూర్చున్నారు. నేనూ వాళ్ళ పక్కనే తడి శ్లాబు మీద కూర్చున్నాను. తీగల మోత ఆగేదాకా మా ముగ్గురిలో ఎవరమూ లేవలేదు.