పడిపోని దుబ్బు

కాలువ నీళ్లొచ్చిన కొత్తల్లో మాట. సింధనూరులో బస్సు ఎంతకీ కదలదు. నేను లేస్తున్నాను, కూర్చుంటున్నాను. పక్కన, కోస్తా నుంచి గోరేబాళకు వలసొచ్చిన రైతు. ఒళ్లో చిన్న వరికంకుల కట్ట.

"గాలికి చేనంతా పడిపోయిందండీ. ఈ ఒక్క దుబ్బే నిలబడింది. వేరే రకం కలిసిన బెరుకు మొక్కని మావాళ్లు పీకెయ్యబోయారు."

"గీ ఒక్కటి ఊరంత ఎప్పుడు పరుచుకోవాలె?" అన్నాను చిరాగ్గా.

"ఏళ్లు పడతాయండీ. ఈలోపే ఎలకలు తినేస్తే అసలు విత్తనమే లేకుండా పోద్ది." సగం గింజలు దూసి నా దోసిట్లో పోశాడు.

"నాకు పొలమే లేదు గద!"

"ఉన్నోళ్లకివ్వండి. రెండు చోట్లుంటే ఒకచోటన్నా బతుకుద్ది."

వాటిని మాన్విలో మా బావకిచ్చాను. ఇప్పటికీ గాలివాన వెలిస్తే ఇంట్లో కాలు నిలవదు. మాన్వి బస్సెక్కి, వాలిన చేల మధ్య నిలబడ్డ మడి కనిపిస్తుందేమోనని కిటికీ వదలను.