తాండ్ర పరీక్ష

తాండ్ర పరీక్ష అన్న మాట మీరెక్కడైనా వింటే ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. అందులో తాండ్ర ఆవిడది. పరీక్ష నాది. ఈ మాట ఇప్పటికి చాలామందికి చెప్పాను. అందరూ తల ఊపుతారు, ఊపి మళ్ళీ ఆవిడ గురించే అడుగుతారు.

మొదట్నుంచీ చెబుతాను. నేను బెజవాడలో బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఆఫీసులో పనిచేస్తాను. కొట్లలో బిల్లులు కొట్టే సాఫ్ట్‌వేర్‌ని ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు రాయడం నా ఉద్యోగం. జీతం తీసుకుని రాసేది అది. జీతం లేకుండా రాసేది ఇంకొకటుంది. శుభలేఖలు, కరపత్రాలు, చర్చి పాటల కాగితాలు లాంటివి పేజీలుగా అమర్చుకోవడానికి ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అది ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. ఓపెన్ సోర్స్ అంటారే, ఆ రకం. ఎక్కడెక్కడి వాళ్ళో తీరిక వేళల్లో కలిసి తయారుచేశారు, ఎవరైనా తీసుకోవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు. సాఫ్ట్‌వేర్ మంచిదే. దాన్ని ఎలా వాడాలో చెప్పే సహాయం పేజీలే ఘోరం. తెలుగులో అయితే అసలు లేనే లేవు. ఒత్తులు అక్షరం కింద నిలవకుండా పక్కకి జారిపోతే ఏం చెయ్యాలో తెలియక మా ఊళ్ళో ప్రెస్సుల వాళ్ళు దాన్ని తీసి అవతల పెట్టేశారు.

అందుకని జట్టు కట్టాను. మా ఆఫీసు పై అంతస్తులో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. నెలకో ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ గది అడిగితే ఇచ్చారు. ప్రెస్సుల్లో డిజైన్లు చేసేవాళ్ళు, ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్లు, పోస్టాఫీసులో రిటైరైన ఒక పెద్దాయన, కంకిపాడు నుంచి ఒక స్కూలు టీచరు. అందరూ ఊరికే పనిచేయడానికి వచ్చినవాళ్ళే. ఒక్కొక్కరికీ ఒక్కో పేజీ పంచేదాన్ని, రాసుకొచ్చింది దిద్దేదాన్ని, దిద్దినవి ఆ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు వాళ్ళకి పంపేదాన్ని.

ఆ జట్టుకి నేను పెట్టిన నియమం ఒకటుంది. పేజీ రాయగానే, ఆ సాఫ్ట్‌వేర్‌ని ఎన్నడూ ముట్టని మనిషిని కూర్చోబెట్టి చదివించాలి. పేజీలో ఎలా ఉంటే అలా ఆ మనిషి చేసుకుంటూ పోవాలి. రాసినవాళ్ళు పక్కనే కూర్చోవాలి, నోరు మాత్రం విప్పకూడదు. చదివే మనిషి ఎక్కడ ఆగితే అక్కడ తప్పు పేజీది. ఆపిన వాక్యాన్ని మార్చాలి, అక్కర్లేనిదైతే తీసేయాలి. తీసేది కూడా రాసినవాళ్ళే, తమ చేత్తోనే. చివర్లో, ఇందులో ఏది తక్కువైందో చదివినవాళ్ళు పైకి చెప్పాలి. ఇది నేను ఎక్కడో చూసి పెట్టింది కాదు. నా పుస్తకాలు అర్థంకాక ఆఫీసుకి ఫోన్లు చేసే కొట్ల వాళ్ళ చేత తిట్లు తిని తిని నేర్చుకున్నది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇది నాది అని నేను చెప్పుకోదగ్గది ఏదైనా ఉంటే ఆ నియమమే.

చిక్కల్లా ఏమిటంటే, మా వైపు మనుషులు నోరు మూసుకుని కూర్చోలేరు. ఇంటికొచ్చినవాళ్ళు చెప్పులు కనపడక వెతుక్కుంటుంటే చూస్తూ ఊరుకునే అలవాటు ఎవరికీ లేదు. పోస్టాఫీసు పెద్దాయన మరీనూ. చదివే మనిషి చెయ్యి మౌసు మీద కాస్త తటపటాయిస్తే చాలు, "అక్కడ కాదండీ, పైన, ఇంకా పైన" అని మొదలెట్టేవారు. మాట్లాడొద్దంటే దగ్గేవారు. దగ్గొద్దంటే కళ్ళతో చూపించేవారు. నేను కేకలేసేదాన్ని. నోరు విప్పినవాళ్ళని వరండాలోకి పంపేసేదాన్ని. ఒక్కో ఆదివారం గదిలో కన్నా వరండాలోనే జనం ఎక్కువగా ఉండేవాళ్ళు.

అలాంటి ఒక ఆదివారం కంకిపాడు టీచరు నా దగ్గరికొచ్చి, తమ ఊళ్ళో కూడా చిన్న జట్టు పెట్టుకుంటానని అడిగింది. వాళ్ళ చర్చి పక్క గది ఇస్తామన్నారట, ఆరాధన అయ్యాక అక్కడ కూర్చోవచ్చట. సరేనన్నాను. అంత దూరం ఎవరు వెళ్తారులే అనుకునే సరేనన్నాను.

ఆ తర్వాత నా ఆదివారాలు పలచబడ్డాయి. ఒకరికి జ్వరం, ఒకరింట్లో పెళ్ళి, ఒకరి బండి పాడైంది. పోస్టాఫీసు పెద్దాయనకి మోకాళ్ళ నొప్పులట. పాపమని ఆయన కోసం తైలం కూడా కొన్నాను. పంపిద్దామని ఫోన్ చేస్తే వెనకాల నవ్వులు, కుర్చీలు జరిపిన చప్పుడు, వాటి మధ్య టీచరు గొంతు వినపడ్డాయి. బెంజ్ సర్కిల్‌లో మెట్లు ఎక్కలేని మోకాళ్ళు కంకిపాడు బస్సు ఎలా ఎక్కాయో ఆయనకే తెలియాలి.

నాకు ఒళ్ళు మండిపోయింది. తర్వాతి ఆదివారం నేనూ బస్సెక్కాను. పెనమలూరు దాటేదాకా బందరు రోడ్డు ట్రాఫిక్‌ని తిట్టుకున్నాను, దాటాక టీచర్ని తిట్టుకున్నాను. చర్చి పక్క గది గుమ్మంలో చెప్పులు చూడగానే సంగతి తెలిసిపోయింది. సగం నా వాళ్ళవే.

లోపల పోస్టాఫీసు పెద్దాయన ఒక ముసలావిడ పక్కన కూర్చుని ఉన్నారు. ఆమె ఆయన రాసిన పేజీ చదువుతూ మౌసు అటూ ఇటూ తిప్పుతోంది, ఎక్కడ నొక్కాలో తోచడం లేదు. పెద్దాయన చెంపలు ఉబ్బి ఉన్నాయి. కళ్ళు ఇంతలేసి చేసుకుని చూస్తున్నారు. నోరు మాత్రం విప్పడం లేదు. ఎంతసేపు చూసినా విప్పలేదు. ఈయనకి ఏం మందు పెట్టారో అర్థంకాక నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

టీచరు నన్ను చూసి గబగబా ఎదురొచ్చింది. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో ముక్కలుగా కోసిన మామిడి తాండ్ర. ఎండాకాలంలో వాళ్ళ డాబా మీద చాప పరిచి, రసం పొర మీద పొర పోసి ఎండబెట్టిందట. రాసినవాళ్ళు పరీక్షకి కూర్చునే ముందు అందులో ఒక పెద్ద ముక్క నోట్లో పెట్టుకోవాలట. ఇంట్లో చేసిన తాండ్ర పళ్ళకి పట్టుకుంటే ఓ పట్టాన వదలదు. అది కరిగేలోపు చదివే మనిషి దారైనా కనుక్కుంటారు, పేజీలో తప్పైనా బయటపడుతుంది. సండే స్కూల్లో కథ చెబుతుంటే మధ్యలో అడ్డొచ్చే పిల్లలకి ఇలాగే ఇచ్చేదట, పెద్దవాళ్ళ మీద కూడా పనిచేస్తుందని ఈమధ్యే తెలిసిందట.

"నోరు ఖాళీగా ఉంటేనే కదండీ మాట్లాడేది," అన్నారు పెద్దాయన, తాండ్ర మింగాక. మోకాళ్ళ సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఎదుటివాళ్ళ బాగు చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకునేవాళ్ళని చాలామందిని చూశాను గానీ, ఆ నిప్పులు ఇంత వేడిగా ఉంటాయని నాకు ఆవాళే తెలిసింది. నేను అరిచి, బెదిరించి, వరండాలోకి గెంటి సాధించలేనిది ఆవిడ ఒక పళ్ళెంతో సాధించింది. ఆ గదిలో ఒక్కరి ముఖంలోనూ భయం లేదు. నా గదిలో ఉండేది, అదే క్రమశిక్షణ అనుకునేదాన్ని. టీ తాగేటప్పుడు కూడా ఎవరి పేజీలో ఏ వాక్యం బాగుందో ఆవిడ గుర్తుపెట్టుకుని మరీ చెబుతోంది. నాకు తప్పులు మాత్రమే గుర్తుంటాయి.

తప్పుల్లోనైనా నా చెయ్యి పైనుంటుందని వాళ్ళ పేజీలన్నీ ఇంటికి తెచ్చుకుని వెతికాను. దొరికాయి. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఎర్ర రంగుతో నింపేసి పంపాను. అక్క చూసింది, ఇక మాకు నిశ్చింత అని అందరూ మురిసిపోతూ జవాబులు పెట్టారు. దిద్దించుకున్నవాళ్ళు కాస్తయినా నొచ్చుకోవాలి గానీ, మురిసిపోతే దిద్దినవాళ్ళకేం సుఖం?

అంతటితో ఆగినా బాగుండేది. ఈ ప్రాజెక్టులో పనిచేసే అన్ని భాషల వాళ్ళూ మాట్లాడుకోవడానికి ఇంటర్నెట్లో ఒక వేదిక ఉంది. తెలుగు పేజీలు ఈమధ్య ఇంత తేటగా ఎలా వస్తున్నాయని అక్కడ ఎవరో అడిగారు. టీచరు తాండ్ర సంగతి రాసి, పెద్దాయన చెంపల ఫోటో పెట్టింది. నియమం మా బెజవాడ అక్క పెట్టిందని కూడా రాసింది, కాదనను. చదివిందెవరు? అందరూ ఫోటో చూశారు. ఒక దేశం వాళ్ళు ఎండు అంజూరంతో మొదలెట్టారు, ఇంకో దేశం వాళ్ళు జీళ్ళతో. మనవాళ్ళు తాండ్ర పరీక్ష అనేదానికి వాళ్ళు కంకిపాడు పద్ధతి అని పేరు పెట్టేశారు. పేరు పలకడం రాక అవస్థ పడుతూనే పెట్టేశారు. అన్ని జట్లూ వాడుకునేలా ఆ పద్ధతిని ఒక పేజీగా రాసిమ్మని ఆవిణ్ణే అడిగారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయనతో చెప్పుకుని బాధపడ్డాను. నియమం నాది, పేరు ఊరిదీ ఆవిడదీ అయిందన్నాను. ఆయన పప్పు కలుపుకుంటూ, నియమం నీదే, తాండ్ర ఆవిడది, ఇంతకీ పనిచేసింది ఏది అని అడిగారు. ఆయనకి ఆ పూట పెరుగు నేను వడ్డించలేదు.

పేజీ రాయడం అయ్యాక టీచరు అందర్నీ వెంటబెట్టుకుని బెంజ్ సర్కిల్ గదికే వచ్చింది. దీన్ని మొదట మీరే చదవాలి అక్కా అని నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, తను పక్కన కూర్చుని తాండ్ర నోట్లో పెట్టుకుంది. నేను చదవడం మొదలెట్టాను. ఎక్కడో ఒకచోట ఆగుదామని గట్టి పట్టుదల మీదే ఉన్నాను. కావాలని అడ్డంగా అర్థం చేసుకోబోయినా పేజీ నన్ను జాగ్రత్తగా వెనక్కి తీసుకొచ్చింది. దగ్గడం, కళ్ళతో చూపించడం కూడా నోరు విప్పడం కిందికే వస్తాయని రాసి ఉంది. నా నియమమంతా ఉంది, నేను కేకలేసి చెప్పేదంతా అందులో మర్యాదగా కూర్చుని ఉంది. నేను మాత్రం లేను.

ఏది తక్కువైందో పైకి చెప్పాల్సిన వంతు వచ్చింది. అందరూ నా వైపే చూస్తున్నారు. సిగ్గేసింది. సిగ్గు కన్నా కడుపుమంట ఎక్కువైంది.

"ఇది ఎవరు మొదలుపెట్టారో ఇందులో లేదు," అన్నాను.

టీచరు నోటి నిండా తాండ్ర. మాట్లాడకుండా నేనన్నది కాగితం మీద రాసుకుంది. రాసుకున్నాక తాండ్ర మింగింది.

"పేజీలో మన సంగతి రాయకూడదని మీరే కదక్కా నేర్పింది," అంది నెమ్మదిగా. "అందుకే రాయలేదు. ఉండాలంటే ఆ వాక్యం మీరే రాయండి. మీ కన్నా బాగా ఎవరు రాస్తారు?"

వద్దులే అనాల్సింది. అనలేదు. రాశాను. మొదట నాలుగైదు వాక్యాలొచ్చాయి, వాటిని నేనే కొట్టేసి కొట్టేసి ఒక్కటి మిగిల్చాను. రాసినవారు నోరు విప్పకూడదన్న నియమాన్ని మొదట పెట్టింది బెజవాడ జట్టును కట్టిన ఆవిడ. ఇంతే. పేరు పెట్టుకోలేదు, ఆ మాత్రం సంస్కారం నాకూ ఉంది. పేజీ నెత్తిమీద పెట్టాను, ఎవరి కన్నూ తప్పించుకోకుండా.

వాక్యం చేరిందంటే మళ్ళీ పరీక్ష పెట్టాలి, వాక్యం రాసినవాళ్ళు కూర్చోవాలి. తర్వాతి నెల టీచరు మంగళగిరి నుంచి ఒకావిణ్ణి తీసుకొచ్చింది. చీరల కొట్టు నడుపుతుంది, కరపత్రాలు సొంతంగా చేసుకుందామని నేర్చుకోవడానికి వచ్చింది. ఆవిడకి నేనెవరో తెలియదు, నాకూ ఆవిడ కొత్త. టీచరు నాకు తాండ్ర ముక్క అందించింది. అంతమంది చేత నోరు మూయించినదాన్ని, నేను ఆ కుర్చీలో ఎప్పుడూ కూర్చోలేదు. నోట్లో పెట్టుకున్నాను.

చీరల కొట్టావిడ మొదటి వాక్యం చదివింది. ఆగింది. మళ్ళీ చదివింది.

"ఎవరు పెడితే నాకేంటండీ?" అంది. "నన్నేం చెయ్యమంటారో అది చెప్పండి."

నా చెయ్యి దానంతటదే నా గుండెల మీదికి రాబోయింది. చూపించడం కూడా నోరు విప్పడం కిందికే వస్తుంది. ఆపుకుని ఒళ్ళో పెట్టుకున్నాను. పోస్టాఫీసు పెద్దాయన ఆవిణ్ణి చూశారు, నన్ను చూశారు. ఇప్పుడు చెప్పేస్తారు, ఆ వాక్యం ఈవిడ గురించేనండీ అని ఆయన తప్పకుండా చెప్పేస్తారు అనుకున్నాను. ఆయన తల దించుకున్నారు. నోట్లో ఏమీ లేకుండా ఆయన మాట్లాడకుండా ఉండటం నేను చూడటం అదే మొదలు. నా మీద జాలిపడ్డారని అర్థమైంది. ఆయన ఆవాళ కనీసం దగ్గి ఉంటే నాకు బాగుండేది.

టీచరు నా భుజం దగ్గరికి వంగి, "ఉంచేద్దాం అక్కా, పర్లేదు," అంది.

తల అడ్డంగా ఊపాను. చదివే మనిషిని ఆపిన వాక్యం అది. కీబోర్డు నా వైపు లాక్కుని నా చేత్తోనే తీసేశాను. చీరల కొట్టావిడ మళ్ళీ పైనుంచి మొదలెట్టి, చివరిదాకా ఎక్కడా ఆగకుండా చదువుకుంటూ వెళ్ళిపోయింది. ఆ పేజీ అలాగే ఇప్పుడు అన్ని దేశాల వాళ్ళ దగ్గరా ఉంది.

పరీక్ష అయిపోయినా నా నోట్లో తాండ్ర ఇంకా కరగలేదు. పుల్లపుల్లగా, తియ్యగా, కమ్మగా ఉంది. అంతకన్నా మంచి తాండ్ర నేను ఇంతవరకూ తినలేదు. అదీ ఆవిడ చేసిందే.