గోడవైపు తిరిగిన ఫ్యాను

ఆ రోజుల్లో మా సుఖాలన్నీ ఒక చిన్న గదిలో సరిపోయేవి. ఒకే గ్లాసు టీ ఇద్దరం పంచుకోవడం, పొద్దున్నే మంచు విడిపోయేదాకా ఒకే శాలువా కప్పుకుని అరుగు మీద కూర్చోవడం, మా ఆయన బడికి వెళ్తుంటే మలుపు తిరిగేదాకా నేను చూడటం, నేను చూస్తున్నానని తెలిసి ఆయన మలుపు దగ్గర ఆగి చెప్పులో లేని రాయిని దులుపుకోవడం. తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అయితే మా కాపురం నిలబడింది వీటి మీద కాదు, ఒక నీలంరంగు టేబుల్ ఫ్యాను మీద. కొత్తగా పెళ్ళయిన పిల్లలెవరైనా నన్ను సలహా అడిగితే (ఎవరూ అడగరు, అడిగినా ఫోన్లో చూసుకుంటూ అడుగుతారు) నేను మొదలుపెట్టేది ఆ ఫ్యానుతోనే.

నేను పుట్టి పెరిగింది కొండ కింద, ఎస్.కోట దగ్గర, ఒక రైస్ మిల్లు గోడ పక్కన. పగలంతా మిల్లు మోగేది, రాత్రంతా మా ఇంట్లో ఫ్యాను మోగేది. రెండింటిలో ఏది ఆగినా నాకు ఠక్కున మెలకువ వచ్చేసేది. అందుకని అరకు కొండల్లోని మాస్టారితో నా పెళ్ళి కుదరగానే మా అమ్మ సారెలో అరిసెలకంటే ముందు ఫ్యాను కొనేసింది. "అక్కడ ఎముకలు కొరికే సలే. పంకా దేనికి?" అన్నాడు నాన్న. "సలైతే దుప్పటి కప్పుకుంటాది. నిద్దర పట్టకపోతే ఏటి కప్పుకుంటాది?" అంది అమ్మ. అలా క్రిస్మస్ వెళ్ళిన వారంలోనే, చలి బాగా ముదిరిన రోజుల్లో, పట్టుచీర కట్టుకుని ఒళ్ళో ఫ్యాను పెట్టుకుని నేను ఘాట్ రోడ్డు బస్సెక్కాను. కండక్టరు టిక్కెట్టు కొట్టడం మానేసి నన్నే చూశాడు. "అరకు ఎల్తన్నావా అమ్మా, పంకా అట్టుకుని? సముద్రానికి నీళ్ళు అట్టుకెల్లినట్టున్నాది" అన్నాడు. బస్సంతా నవ్వింది. నా పక్కనే కూర్చున్న కొత్త పెళ్ళికొడుకు నేనెవరో తెలియనట్టు కిటికీలోంచి లోయ అందాలు చూడసాగాడు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న లోయే అది.

మా అత్త గుమ్మంలోనే నిలబడి ఉంది. పొట్టి మనిషి, నోట్లో అడ్డచుట్ట. (మా వైపు ఆడవాళ్ళు చుట్టని తిరగేసి, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు. గాలికి ఆరదు, వానకి తడవదు.) "ఇదేటే కోడలా?" అంది. "ఫ్యాను అత్తయ్యా" అన్నాను. "పంకా అని నాకు తెల్దేటి? సలికాలంలో దీంతో ఏటి సేత్తావని" అంది. నిద్రపోతానని చెప్పాను. ఆవిడ కొడుకు వైపు చూసింది. కొడుకు మళ్ళీ లోయ వైపు చూశాడు. సాయంత్రానికల్లా ఊళ్ళో నాకు 'పంకా కోడలు' అని పేరు స్థిరపడింది. అసలు పేరు ఆహ్వానపత్రికలో ఉండిపోయింది.

మొదటి కొన్నాళ్ళు మా ఆయన మర్యాదకే పోయాడు. ఫ్యాను తిరుగుతుంటే రెండు రగ్గులు కప్పుకుని, చెవుల మీదుగా మంకీ టోపీ లాక్కుని, పళ్ళు టకటక కొట్టుకుంటూ "పరవాలేదు, బాగానే ఉన్నాది" అనేవాడు. కొత్త పెళ్ళికూతురు ఎన్నో ఊహించుకుని వస్తుంది. పక్కన కళ్ళూ ముక్కూ మాత్రమే కనిపించే ఉన్ని మూట ఉంటుందని మాత్రం ఊహించుకోదు. వారం తిరిగేసరికి ఆయనకి పడిశం, దగ్గు, ఒళ్ళు వెచ్చబడటం. గొంతు పోయి బళ్ళో పాఠం సైగలతో చెప్పాడట. పక్కింటి పెద్దమ్మ మిరియాల కషాయం పట్టుకొచ్చి, నా ముందే మా అత్తతో "కొత్త కోడలు మీ గుంటడికి సలి ఎట్టేసిందే" అని పరామర్శించి వెళ్ళింది. ఆ పూటే సిగ్గుతో ఫ్యాను తీసి మంచం కింద పెట్టేశాను.

ఇక నా అవస్థ మొదలయింది. ఆ కొండల్లో నిశ్శబ్దం ఎంత ఉంటుందంటే, దూరంగా గెడ్డలో నీళ్ళు రాయి మీద పడటం వినిపిస్తుంది, అవతలి గదిలో మా అత్త చుట్ట కొరకడం వినిపిస్తుంది. కళ్ళు తెరుచుకునే తెల్లవార్చేదాన్ని. పగలు మాత్రం నిలబడి నిద్రపోయేదాన్ని. బియ్యంలో రాళ్ళు ఏరుతూ కునికితే రాళ్ళు ఉండిపోయి బియ్యం బయటికి పోయేవి. ఆదివారం చర్చిలో అయ్యగారు 'మెలకువగా ఉండుడి' అనే వాక్యం మీద మాట్లాడుతుంటే, పక్కనున్న ముసలావిడ భుజం మీద తల వాల్చి గుర్రుపెట్టానట. ఆవిడ పాపం కదలకుండా కూర్చుందట. ఇంటికొచ్చాక ఏడుపు ఆగలేదు. చర్చిలో అందరూ నవ్వినందుకు కాదు, ఆ ఇల్లు నాకు నచ్చింది. ఆ మనిషి ఇంకా నచ్చాడు. అంత నచ్చిన చోట నాకు నిద్ర ఒక్కటే కరువైంది.

ఆ సాయంత్రం మా ఆయన మిరియం తీగల వైపు చూస్తూ, "కిందికి ట్రాన్స్‌ఫర్ పెట్టుకుంటానులే. ఎస్.కోట దగ్గర ఏదో ఒక ఊరు దొరుకుతుంది" అన్నాడు. అన్నాడే గానీ, మనిషి వాడిపోయాడు. నాన్న లేని ఒక్క కొడుకు, చేత్తో నాటిన కాఫీ మొక్కలు, వాటి మీద ఎక్కించిన మిరియం, చదువు చెప్తున్న పిల్లలు, అన్నీ అక్కడే. వద్దని నేను అనాలి. నోరు రాలేదు, నిద్ర అంతలా పీకుతోంది మరి. వాకిట్లో సామలు చెరుగుతున్న మా అత్త అంతా విన్నది. చేటని గోడకి తగిలించి, చుట్ట పారేసి లోపలికి వెళ్ళిపోయింది. సగం కాలిన చుట్టని ఆవిడ పారేయడం అదే మొదటిసారి చూశాను.

మర్నాడు మధ్యాహ్నం చూస్తే మంచం కింద ఫ్యాను లేదు. కొడుకుని కొండ దింపుతున్న వస్తువుని చూస్తూ ఏ తల్లి ఊరుకుంటుంది, ఏ గెడ్డలోనో పారేసి ఉంటుంది అనుకుంటూ కళ్ళం వైపు పరుగెత్తాను. అక్కడ మూడిళ్ళ వైర్లు ముడేసి కరెంటు లాగి ఉంది. బోర్లించిన గంప మీద నా నీలంరంగు ఫ్యాను ఠీవిగా తిరుగుతోంది. దాని ముందు ఆడవాళ్ళు చేటలు ఎత్తి సామలు ధారగా పోస్తున్నారు, పొట్టు ఎగిరి అవతల పడుతోంది. రోజుల తరబడి గాలి కదలక, తూర్పారబట్టలేక ధాన్యం అలాగే పడి ఉందట. "ఊరకే మంచం కింద పడున్నాది గదా అని తెచ్చినాను. ఏటి, కోపమొచ్చిందేటి?" అంది మా అత్త. రాలేదని చెప్పి, ఫ్యాను వెనకాల గడ్డి మోపు మీద కూర్చున్నాను. కూర్చోవడం వరకే నాకు గుర్తుంది.

కళ్ళు తెరిచేసరికి పొద్దు వాలిపోయింది. నా మీద గోనెపట్టా కప్పి ఉంది. చుట్టూ సగం ఊరు, బడి నుంచి వచ్చిన మా ఆయన. "ఓలమ్మో, లెగిసింది!" అన్నారెవరో. "బస్తాలు బస్తాలు ఎగరేసినాం, పక్కనే కుక్కలు కొట్టుకున్నాయి, కదల్లేదురా. నేను ముక్కు కాడ ఏలెట్టి సూసినాను" అంది మా అత్త కొడుకుతో. ఆయన ఫ్యాను ముందు చెయ్యి పెట్టి చూశాడు, వెనక్కి వచ్చి నేను కూర్చున్న చోట చెయ్యి పెట్టి చూశాడు. "గాలంతా అటే పోతోంది. ఇటు ఏమీ లేదు. మరి నీకు నిద్రెలా పట్టింది?" అన్నాడు. మా అత్త ఫక్కున నవ్వింది. "గుంటకి కావాల్సింది గాలి కాదురా, సప్పుడు! బేగి అట్టుకెల్లి గోడేపు తిప్పెట్టు" అంది.

ఆ రాత్రి ఫ్యాను గోడకి గాలి విసిరింది, నేను హాయిగా పడుకున్నాను. ఊరికే కాదు, ఒప్పందం మీద. ఫ్యాను నేను గోడవైపు తిప్పితే, మంకీ టోపీ ఆయన తీసేయాలి. చాలాసేపు బేరమాడాడు, చివరికి తీశాడు. పెళ్ళయ్యాక ఆయన చెవులు సరిగ్గా చూడటం అప్పుడే. ట్రాన్స్‌ఫర్ మాట మళ్ళీ ఆ ఇంట్లో వినిపించలేదు. కొండ మీద కరెంటు సంగతి తెలిసిందే, అది పోయిన రాత్రుల్లో ఆయనే 'గుయ్యి...' మని ఫ్యాను చప్పుడు చేసేవాడు. నాకంటే ముందు తనే నిద్రపోయేవాడు, ఆ చప్పుడు గురకలోకి దిగేది. నాకు అదీ పనికొచ్చేది. ఏటా కోతలయ్యాక ఫ్యాను కళ్ళాలన్నీ తిరిగి, రెక్కల నిండా పొట్టుతో ఇంటికొచ్చేది. వేసిన మొదటి రాత్రి గదంతా సామల వాసన వేసేది. మా అత్త పోయేదాకా దాన్ని 'మా కోడలి పంకా' అని గొప్పగా ఎరువిచ్చేది.

మొన్న అమ్మకి ఒంట్లో బాగోక ఎస్.కోట వెళ్ళాను. మిల్లు ఎప్పుడో మూతపడింది. తమ్ముడు గదికి ఏసీ పెట్టించాడు, అది పిల్లిలా చప్పుడు లేకుండా నడుస్తుంది. అటు దొర్లి ఇటు దొర్లి, చివరికి సిగ్గు విడిచి ఆయనకి ఫోన్ చేశాను. "ఏమండీ, ఫోన్ కాస్త ఫ్యాను దగ్గర పెట్టండి" అన్నాను. "కరెంటు లేదు" అన్నాడు. తర్వాత అటు నుంచి గొంతు సవరించుకోవడం వినిపించింది, ఆ వెంటనే 'గుయ్యి...' మని మొదలుపెట్టాడు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ హెడ్మాస్టరు, చీకట్లో ఒక్కడూ కూర్చుని. నవ్వు ఆపుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ విన్నాను. బస్సులో ఫ్యానుని ఒళ్ళో పెట్టుకుని సిగ్గుతో చచ్చిపోయిన ఆ పిచ్చి పిల్ల పక్కన కూర్చుని "ఏం పరవాలేదే" అని చెప్పాలనిపించింది. ఉన్నట్టుండి అనుమానం వచ్చి, "టోపీ పెట్టుకున్నారా?" అని అడిగాను.

చప్పుడు ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఇంకాస్త గట్టిగా మొదలయింది.