ఫ్లెక్సీకెక్కిన ముక్కు

కరోనా రోజుల్లో నర్సులందరం రాత్రికి రాత్రే దేవతలమైపోయాం. దేవతలకు చర్మం కూడా ఉంటుందని మాత్రం ఎవరికీ తట్టలేదు. నేనప్పుడు కాకినాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కొత్త నర్సుని. గంటల తరబడి బిగించిన మాస్కు కింద ముక్కు ఒరుసుకుపోయి పుండు పడేది. మా సీనియర్ అక్క ముందు క్రీము రాయించి, అది ఇంకాక ముక్కు మీద పల్చటి స్పాంజి పట్టీ అంటించి, మాస్కు అంచుల్లోంచి గాలి పోవడం లేదని చూసుకుని గానీ మమ్మల్ని వార్డులోకి పంపేది కాదు. ఆ పట్టీలు అయిపోయాయి. మళ్లీ తెప్పించమంటే మేనేజరుగారు (ఏసీ గదిలో, మాస్కు గడ్డం కింద) "ఇవన్నీ సోకులమ్మా" అనేశారు. వారం తిరక్కుండా నా రూమ్మేటు ముక్కు చిట్లింది. ఉప్పాడలో చేపల వేటకెళ్లే వాళ్ల పిల్ల, నొప్పి అని చెప్పుకునే రకం కాదు.

అదే పెద్దమనిషికి ఫ్లెక్సీ ఖర్చు మాత్రం సోకు అనిపించలేదు. 'త్యాగమూర్తులు' అని బారెడు అక్షరాలు, పక్కన ఒక నర్సు ముఖం ఉండాలట. ముందు రూమ్మేటుని నిలబెట్టారు. ఫొటోగ్రాఫరు మొహం చిట్లించి, "రసి కారుతోందండి, చూడ్డానికి బాగోదండి" అన్నాడు. నేను క్వారంటైన్ సెలవు నుంచి అప్పుడే వచ్చాను. నున్నటి నా ముక్కు చూసి మేనేజరుగారు పెదవి విరిచారు. "ఏంటమ్మా, డ్యూటీ చేసిన మొహంలాగే లేదు!" చివరికి రిసెప్షన్ అమ్మాయి వ్యాజిలైన్‌లో కుంకుమ కలిపి నా ముక్కు మీద ముచ్చటైన పుండు ఒకటి దిద్దింది. (త్యాగమైనా సరే, ముస్తాబు లేనిదే ఫొటోకి పనికిరాదు మరి.) కాదంటే ఉద్యోగం ఊడుతుందని నేను బుద్ధిగా నిలబడ్డాను.

ఆ ఫొటో వాట్సాప్‌లో నిడదవోలులో మా ఇంటికి చేరింది. మర్నాడే మా నాన్న బండేసుకుని వచ్చి ఆసుపత్రి గేటు దగ్గర బైఠాయించారు.

"మా అమ్మాయి ముక్కేం చేశారండీ? ఇంత పెద్ద ఆసుపత్రిలో పిల్లల మొహాలు పుండ్లు పడకుండా చూసే దిక్కు లేదాండీ?"

జనం పోగయ్యారు. అది కుంకుమని మేనేజరుగారు చెప్పలేరు, పుండని ఒప్పుకోలేరు. కక్కలేక మింగలేక, "పట్టీలు తెప్పిస్తున్నామండి, ఇప్పుడే తెప్పిస్తున్నామండి" అన్నారు. సాయంత్రానికి పట్టీల పెట్టెలు దిగాయి. ముక్కు మానేదాకా రూమ్మేటుకి వార్డు డ్యూటీ తప్పింది.

ఆమె ముక్కుకి మందు రాస్తూ నేను మా నాన్న ప్రతాపం గురించి ఊదరగొట్టేస్తున్నాను. ఆమె అంతా విని, "మీ నాన్నొచ్చింది నా పుండు కోసమే, ఆయనకే తెలీదు" అంది.

నేను కథ ఆపి, మందు రాయడం పూర్తి చేశాను. ఇప్పుడు నేనే ఇన్‌చార్జిని, పట్టీల పెట్టె నా బల్ల మీదే ఉంటుంది. ఆ మేనేజరుగారు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మా నాన్నని చూసుకుని అంత మిడిసిపడిన అప్పటి నాలోని వాగుడుకాయ పిల్ల గుర్తొస్తే మాత్రం నవ్వొస్తుంది. దాని నోరు మూతపడింది బహుశా ఆ ఒక్కసారే.