బడ్జెట్ చాటింపు

గుణదల చుట్టుపక్కల పాండురంగయ్యని చూసి గుర్తుపట్టేవాళ్లు తక్కువ. గొంతు విని గుర్తుపట్టనివాళ్లు ఇంకా తక్కువ. మనిషి సన్నగా, కాస్త ముందుకు వంగి ఉంటాడు. చొక్కా జేబులో ఎప్పుడూ మిరియాల పొట్లం ఒకటి. ఆటో మీద రెండు మైకులు కట్టుకుని చీరల సేల్ అనీ, ఫలానా వారింట పెద్దకర్మ అనీ, రేపు కరెంటు ఉండదనీ చెప్పుకుంటూ తిరగడం ఆయన వృత్తి. ముప్పై ఎనిమిదేళ్లుగా అదే పని.

సొంతూరు పెడన. ఇంట్లో నాలుగు మగ్గాలు పొద్దస్తమానం ఆడుతుండేవి. ఆ చప్పుళ్ల మధ్య అరిస్తే గొంతు పోవడమే తప్ప ఎవరికీ వినపడదు. దెబ్బకీ దెబ్బకీ మధ్యనున్న సందులో మాట వదలాలి. అమ్మ వంటింట్లోంచి అలాగే పిలిచేది, పిల్లలు అలాగే పలికేవారు. పదిహేడో ఏట ఒక బట్టల వ్యాపారి వెంట బెజవాడ వచ్చి, కొట్టు ముందు నిలబడి కేకలు వేసే పనిలో చేరాక, రోడ్డు రొదలో కూడా తన మాట స్పష్టంగా వినపడుతోందని జనం చెబితే పాండురంగయ్యకి తెలిసింది. అక్కణ్నుంచి రిక్షా మైకు, తర్వాత ఆటో. ఈ రోజుల్లో అందరూ పెన్‌డ్రైవ్‌లో రికార్డు చేసింది పెట్టి వదిలేస్తున్నారు. ఆయన మాత్రం ఇప్పటికీ తానే చదువుతాడు. సందు ఇరుకైతే గొంతు తగ్గిస్తాడు, బడి పక్కన ఆపేస్తాడు, చావు ఇల్లు కనిపిస్తే చీరల సేల్ సంగతి మింగేసి నిశ్శబ్దంగా దాటిపోతాడు.

ఏటా ఫిబ్రవరిలో మేరీమాత ఉత్సవాలప్పుడు తప్పిపోయిన పిల్లల ప్రకటనలు ఆయనే చేసేవాడు. "అయిదేళ్ల బాబు, నీలం చొక్కా" అని రాసిచ్చిన చీటీ చదివి ఊరుకునేవాడు కాదు. ఆ పిల్లాణ్ని ఒకసారి తేరిపార చూసి, "మోచేతి మీద కొత్తగా గీరుకుపోయింది, జేబులో సగం తిన్న జంతికుంది" అని చెప్పేవాడు. తల్లులు పరుగున వచ్చేవారు.

అలాంటి మనిషికి, మూడేళ్ల క్రితం జనవరిలో నగరపాలక సంస్థ నుంచి ఒక నోటీసు చదివే పని వచ్చింది. "రాబోవు ఆర్థిక సంవత్సరమునకు గాను ముసాయిదా బడ్జెట్ అంచనాలపై పౌరుల అభిప్రాయములు, సూచనలు స్వీకరించు నిమిత్తము..." అంటూ సాగుతుంది. మూడు రోజులు, ఆరు డివిజన్లు. ఒక్క పొల్లు పోకుండా చదివాడు. నాలుగో రోజు పదకొండు గంటలకి సభ జరిగే కమ్యూనిటీ హాలుకి తానే మైకు సెట్టు తీసుకెళ్లాడు.

ఎనభై కుర్చీలు వేశారు. ఏడుగురు వచ్చారు. అందులో నలుగురు ఉద్యోగులే. బడ్జెట్ విభాగంలో పనిచేసే జ్యోతిర్మయి అనే అధికారిణి లేచి పద్దులన్నీ చదివింది. ఎవరూ ఏమీ అడగలేదు. పావుగంటలో సభ ముగిసింది. టెంట్‌హౌస్ వాళ్లతో పాటు కుర్చీలు సర్దుతూ పాండురంగయ్య ఆమెని అడిగాడు.

"నేను సరిగ్గా చదవలేదంటారా మేడమ్?"

"బాగానే చదివారండీ. జనానికే ఆసక్తి లేదు."

ఆయనకి ఆ మాట రుచించలేదు. తను చెబితే చీరల కొట్టు ముందు తోసుకున్న జనం, తను చెబితే రక్తమివ్వడానికి క్యూ కట్టిన జనం, వాళ్లకే ఆసక్తి లేకుండా పోయిందా? ఇంటికొచ్చి భోజనం దగ్గర భార్యతో అదే అన్నాడు. హనుమాయమ్మ చీరలకి కుచ్చులు కడుతుంది. ఆయన మాటలన్నిటికీ మొదటి శ్రోత ఆమే.

"మన సందులోనూ చదివారుగా, విన్నాను. అడుగుదామనుకుని మర్చిపోయా. ముసాయిదా అంటే ఏంటండీ?" అంది.

పాండురంగయ్య ముద్ద చేతిలోనే ఆగింది. మూడు రోజుల్లో ఆ మాట ఎన్ని వందలసార్లు అన్నాడో. అర్థం మాత్రం ఆయనకీ తెలియదు.

మర్నాడు ఆటో వేసుకుని ఆఫీసుకెళ్లాడు. జ్యోతిర్మయి టిఫిన్ డబ్బా తెరుస్తోంది.

"ముసాయిదా అంటే ఏంటి మేడమ్?"

ఆమె నవ్వింది కానీ, మనిషి ముఖం చూసి నవ్వు ఆపేసింది. "ఇంకా ఖాయం కాలేదని. మార్చడానికి వీలుందని."

"మార్చడానికి వీలుందా? ఆ సంగతి నోటీసులో లేదే."

"ఆ మాటకి అర్థమే అదండీ."

ఆయన ఆ బడ్జెట్ పుస్తకం ఒకటి ఇప్పించమని అడిగాడు. ఇంటికి తీసుకెళ్లి చదివితే తలా తోకా తెలియలేదు. మళ్లీ వెళ్లాడు. ఆ ఏడాదంతా, పని లేని మధ్యాహ్నాలు వెళ్లి, ఆమె భోజనం అయ్యాక పది నిమిషాలు కూర్చుని అడిగేవాడు. ఏ డబ్బు జీతాలకి పోతుంది, ఏది కదపడానికి లేదు, ఏది జనం అడిగితే అటూ ఇటూ జరుగుతుంది అని. పదో తరగతి గట్టెక్కని మనిషికి ఇదంతా ఎందుకని పక్క సీట్లవాళ్లు నవ్వుకునేవారు. జ్యోతిర్మయి మాత్రం ఆయన అడిగే ప్రశ్నలకి జవాబు చెప్పడం కోసం తనకీ సరిగ్గా తెలియనివి రెండు మూడు సంగతులు వెతికి చదువుకుంది.

మళ్లీ జనవరి వచ్చింది. అదే నోటీసు. ఈసారి తన మాటల్లో చెబుతానని పాండురంగయ్య అడిగాడు. ఆమోదించిన పాఠం మార్చడానికి వీల్లేదని పైఅధికారి అన్నాడు. అది ఆ అధికారి తప్పు కాదు, పద్ధతి అంతే. బయటికొచ్చాక జ్యోతిర్మయి నెమ్మదిగా అంది: "నోటీసు చదవడం అయ్యాక, మైకు ఆపేసి మీరు జనంతో మాట్లాడుకుంటే దానికి ఆఫీసు అనుమతి అక్కర్లేదు కదండీ."

ఆయనకి అది చాలు. ఆ రోజే కాలవ కట్ట మీది వీధికెళ్లాడు. నోటీసు చదివాడు, మైకు ఆపేశాడు, ఆటో దిగాడు. ముప్పై ఆరేళ్లలో ఒక వీధిలో ప్రచారం మధ్యలో కిందికి దిగడం అదే మొదలు.

"మీ వీధికి ఈ ఏడు ఏం కావాలో వచ్చి చెప్పమంటున్నారండీ. ఇంకా ఖాయం చెయ్యలేదంట, మార్చడానికి వీలుందంట" అన్నాడు అరుగు మీద కూర్చున్న ఆడవాళ్లతో.

అందులో మాణిక్యం అని ఒక పెద్దావిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. "పోయిన ఎలక్షన్లో పొద్దున ఆ పార్టీకి చెప్పావు, సాయంత్రం ఈ పార్టీకి చెప్పావు. ఇప్పుడెవరు పంపారయ్యా నిన్ను?"

పాండురంగయ్యకి ముఖం మాడిపోయింది. ఆమె అన్నది నిజమే. ఇన్నేళ్లూ ఎవరు పిలిస్తే వాళ్ల మాట పలికాడు. తన మాటగా ఈ ఊరికి ఒక్కటీ చెప్పలేదు.

"నోటీసుకి కార్పొరేషనోళ్లు పంపారు. ఆటో దిగింది మాత్రం నా అంతట నేనే అమ్మా" అన్నాడు.

"మేం చెబితే రాస్తారా?"

"అది నేను చెప్పలేను. పోయినేడు ఏడుగురొచ్చారు, ఎవరూ ఏం అడగలా. ఏమీ రాయలా."

ఆ జవాబు ఆమెకి నచ్చినట్టుంది. కనీసం ఇంకో మాట తిట్టలేదు. కూర్చోమని చాప చివర చూపించింది.

కొండవాలు ఇళ్లకి వెళితే అక్కడ వేరే సంగతి తెలిసింది. దానమ్మ ఒక హాస్టల్లో వంట చేస్తుంది. నూట పన్నెండు మెట్లు దిగి పనికి పోయి, మళ్లీ అన్నీ ఎక్కి ఇంటికి వస్తుంది. "పదకొండింటికి మీటింగంటే ఎవరొస్తారన్నయ్యా? నాకు గరిటె చేతిలో ఉంటది ఆ టయానికి. ఈ కొండ మీద ఆ వేళకి ఉండేది ముసలోళ్లు, చంటోళ్లు" అంది.

ఆయన సరాసరి జ్యోతిర్మయి దగ్గరికి పోయి చెప్పాడు. ఆమె పైఅధికారిని ఎలా ఒప్పించిందో గానీ సభ ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకి మారింది. మారిన సంగతి చెప్పడానికి ఆరు డివిజన్లూ మళ్లీ తిరగాలి. దానికి వేరే బిల్లు లేదన్నారు. పాండురంగయ్య సొంత డబ్బుతో ఆటోలో గ్యాస్ కొట్టించుకుని తిరిగాడు. ప్రతి వీధిలోనూ దిగాడు. దిగినచోటల్లా అరగంట పట్టింది. సాయంత్రాలు హనుమాయమ్మ మిరియాల పాలు కాచి ఇస్తూ, "మైకు లేకుండా మాట్లాడితే మీ గొంతు ఎక్కువ అలిసిపోతోంది, చూశారా" అనేది.

ఆదివారం మూడున్నరకే కుర్చీలు నిండిపోయాయి. తర్వాత వచ్చినవాళ్లు గోడలకి ఆనుకుని నిలబడ్డారు. నాలుగున్నరకి హాలంతా గోల. అందరూ ఒక్కసారే మాట్లాడుతున్నారు, ఎవరి మాటా ఎవరికీ వినపడటం లేదు. జ్యోతిర్మయి ఒక్కొక్కరిని మైకు దగ్గరికి రమ్మంది. అంతే, హాలు చప్పబడిపోయింది. వీధిలో గొంతు చించుకునే మనుషులకి కూడా మైకు చూస్తే భయం.

కొండవాళ్లు దానమ్మని ముందుకు తోశారు. ఆమె రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "నాకు మైకులో మాట్టాడ్డం రాదన్నయ్యా. నీ నోరు మంచిది, నువ్వే చెప్పు."

హాలంతా అదే అంది. నువ్వే చెప్పవయ్యా అంది. పాండురంగయ్యకి చెప్పడం ఎంతసేపు? దానమ్మ కష్టాన్ని దానమ్మకన్నా బాగా చెప్పగలడు. నోరు తెరవబోయి ఆగాడు. మైకు స్టాండు నుంచి తీసి, ఆమె పక్కకి వెళ్లి, చేత్తో పట్టుకుని నోటికి నాలుగంగుళాల దూరంలో పెట్టాడు.

"వాళ్లని చూడకు దానమ్మా, నన్ను చూసి చెప్పు. మొన్న మెట్ల మీద నాతో ఎలా చెప్పావో అట్టాగే."

దానమ్మ ఆయన వైపు తిరిగింది.

"మా ఆడబిడ్డ వానలో నీళ్ల బిందెతో ఎక్కతా జారిందండీ. కాలిరిగింది. కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు కిందికి దించారు. దించేవాళ్లలో ఒకాయనా జారాడు. పట్టుకోడానికి ఏం లేదండీ అక్కడ, పక్కనంతా లోయ. మేం పెద్దయ్యేం అడగట్లేదు. మెట్లెంట ఇనప కమ్మీ ఒకటి వేయించండి, పట్టుకుని ఎక్కతాం."

తన మైకు పెట్టెలోంచి తనది కాని గొంతు హాలంతా నిండుతుంటే పాండురంగయ్య చెయ్యి బిగుసుకుపోయింది. ఆమె ముగించేదాకా మైకు అంగుళం కదలలేదు.

ఆ తర్వాత భయం పోయి ఒకరి వెనక ఒకరు వచ్చారు. అపార్టుమెంట్ల సంఘం కార్యదర్శి పవన్‌కుమార్ అడ్డం తిరిగాడు. "మేమూ పన్ను కడుతున్నామండీ. పార్కులో లైట్లు లేక సాయంత్రమైతే ఆడపిల్లలు నడవలేకపోతున్నారు. అదీ ప్రమాదమేగా? ఎవరు ఎక్కువ మంది వస్తే వాళ్లదేనా?" అన్నాడు. కొండవాళ్లు గొణిగారు. పాండురంగయ్య వాళ్లని వారించి, దానమ్మకి పట్టినంత జాగ్రత్తగానే అతనికీ మైకు పట్టాడు. మాణిక్యం తమ వీధి మురుగు సంగతి చెప్పింది. మూడు గంటలు సాగింది సభ. జ్యోతిర్మయి రాసుకున్న కాగితాలు పద్నాలుగు.

కౌన్సిల్ బడ్జెట్ ఖాయం చేసిన రోజు ఆమె ఫోన్ చేసి చెప్పింది. అడిగినవన్నీ రాలేదు. మెట్లకి కమ్మీ వచ్చింది గానీ, నిట్టనిలువుగా ఉండే పై అరవై మెట్లకే. పార్కుకి నాలుగు లైట్లు. కాలవ కట్ట మురుగుకి ఏమీ లేదు.

పాండురంగయ్య ముందు కాలవ కట్టకే వెళ్లాడు. రాలేదని తనే చెప్పాడు. మాణిక్యం ఊరుకోలేదు.

"నీ మాట నమ్మి పని మానుకుని వచ్చాం. ఏదయ్యా?"

"రాలేదమ్మా. ఎందుకు రాలేదో అడిగొచ్చా. మీ వీధి ఒక్కదానికే మురుగు కాలవ తీస్తే నీళ్లు పక్క వీధిలో నిలబడతాయంట. రెండు వీధులూ కలిసి అడగాలంట."

"ఆ ముక్క సభలో చెప్పొచ్చుగా?"

"వాళ్లకీ అప్పటికి తెలీదు."

ఆమె చాలాసేపు తిట్టింది. ఆయన నిలబడి అంతా విన్నాడు. పార్టీల కోసం పలికినప్పుడు తిట్లు ఆ పార్టీలకే పోయేవి. ఇవి మాత్రం తనవే. ఇంటికెళ్లేసరికి మనసు బరువెక్కి ఉన్నా, హనుమాయమ్మతో ఆ సంగతి చెబుతున్నప్పుడు ఆయన ముఖంలో ఏదో గర్వం కూడా కనిపించిందట. ఆమే చెప్పింది ఈ మాట.

వానలు తగ్గాక కొండ మెట్లకి కమ్మీ వేశారు. దానమ్మ ఆడబిడ్డ ఊతకర్ర ఒక చేత, కమ్మీ ఒక చేత పట్టుకుని ఏడాది తర్వాత మొదటిసారి కిందికి దిగింది. దిగి, బజారులో రెండు మూరల పూలు కొనుక్కుని, మళ్లీ ఎక్కింది. మరుసటి జనవరిలో కాలవ కట్టవాళ్లు పక్క వీధితో కలిసి ఒకే అర్జీ పట్టుకొచ్చారు. ఈసారి మాణిక్యం మైకు తనే పట్టుకుంది, పాండురంగయ్య సాయం అక్కర్లేదంది. సభ తేదీ నోటీసులో "ముసాయిదా" పక్కనే "ఇంకా మార్చడానికి వీలున్న" అనే మాటలు చేరాయి. జ్యోతిర్మయి ఆ ఆఫీసులో చేసిన చివరి పని అదే. ఆ వేసవిలో ఆమెకి బందరు రోడ్డు మీద ఒక చిన్న మున్సిపాలిటీకి బదిలీ అయ్యింది.

మొన్న డిసెంబరులో ఆమె ఫోన్ చేసింది. "ఇక్కడ మైకు చెప్పేది నతానియేలు అని ఒకాయనండీ. మంచి గొంతు. మీరొకసారి వచ్చి ఆయనతో మాట్లాడితే బావుంటుంది."

పాండురంగయ్య పొద్దున్నే బస్సెక్కాడు. కంకిపాడు దాటాక కోతలైన చేలలో మినుము మొలక పచ్చగా కనిపిస్తుంటే, ఆ ఊరి జనం పనుల్లోంచి ఎన్నింటికి ఇళ్లకి చేరతారో అని ఆలోచించుకుంటూ కూర్చున్నాడు. మున్సిపల్ ఆఫీసు ముందు నతానియేలు కాగితం, పెన్ను పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

"ఏం చెప్పాలో చెప్పండి సార్, రాసుకుంటాను."

"నాకు మీ ఊరే తెలీదు తమ్ముడూ, ఏం చెబుతాను? నీళ్ల టాంకు ఎక్కడుంది? అక్కడికి ఆడవాళ్లు ఎన్నింటికొస్తారు?"

నతానియేలు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. టాంకు చెరువు కట్ట అవతల ఉందట. ఇద్దరూ అటువైపు నడిచారు.